పెరట్లో జీపు కదిలింది

పోయినవారం ఈ పేజీలో అటక మీద మూలుగుతున్న ఇత్తడి బిందెల గురించి రాశాను కదా. దానికి ఒక పాఠకురాలి నుంచి ఉత్తరం వచ్చింది. 'అందరి ఇళ్ల అటకలూ ఎక్కి చూసొచ్చారు, బాగానే ఉంది. మీ ఇంట్లో మొదలుపెట్టి వదిలేసిన పని ఒక్కటీ లేదా?' అని సూటిగా అడిగారావిడ.

ఎందుకు లేదండీ! ఉండేది. కాకపోతే అటక మీద పట్టేది కాదు. పెరట్లో రేకుల షెడ్డు కింద, చిరుగుల తార్పాలిన్ కప్పుకుని పదకొండేళ్లు కూర్చుంది. దాని పేరు మహీంద్రా ఎంఎం 540 జీపు. అమ్మ పెట్టిన పేరు మాత్రం 'డొక్కు'.

సగం కుట్టిన జాకెట్టు, ఒక చెయ్యి మాత్రమే అల్లిన స్వెట్టరు, గీతాల దగ్గర ఆగిపోయిన వీణ పాఠం... ఇలాంటివి లేని ఇల్లుంటుందా? ఆడవాళ్లు వదిలేసిన పనులు బీరువా అడుగున దాక్కుంటాయి. మగవాళ్లు వదిలేసినవే పెరడంతా ఆక్రమిస్తాయి. మా పెరట్లో కరివేపాకు చెట్టుకీ బట్టలారేసే తీగకీ మధ్య ఉండాల్సిన చోటంతా ఆ జీపుదే. ఇంటికి ఎవరొచ్చినా 'ఇదేంటండీ?' అని అడిగేవారు. అమ్మ ఒక్కటే జవాబు చెప్పేది... 'మా ఇంటి పెద్దకొడుకు. పని చేయడు, కదలడు'.

ఆ మాట వింటే నాన్న నవ్వేవాడు కాదు. అసలు కొడుకు ఫోన్ చేయడం తగ్గించేశాడు మరి.

వేలంలో వచ్చిన చుట్టం

నాన్న ప్రభుత్వ జీపు డ్రైవరు. 1984లో ఉద్యోగంలో చేరి 2008లో రిటైరయ్యేదాకా నర్సీపట్నం నుంచి చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు... అన్నీ ఏజెన్సీ రోడ్లే. 1990లో వాళ్ల ఆఫీసుకి కొత్త జీపు వచ్చింది. అప్పట్నుంచి పద్దెనిమిదేళ్లు ఆ స్టీరింగ్ మీద మరో చెయ్యి పడలేదని చెబుతాడు. వానాకాలంలో గెడ్డలు పొంగితే ఎక్కడ దాటాలో, ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలో ఆయనకి కంఠతా వచ్చు. మా పుట్టినరోజులు మాత్రం అమ్మని అడగాలి.

సర్కారు డ్రైవర్లకి లాగ్‌బుక్ ఉంటుంది. బయల్దేరిన టైము, మీటరు రీడింగు, పోసిన డీజిలు, ఎక్కినవాళ్లు, ప్రయాణం ఉద్దేశం, చివర్న సంతకం. ఆ అలవాటు నాన్నకి ఎంతగా పట్టేసిందంటే, రిటైరయ్యాక కూడా ఒక పొడుగాటి నోటుబుక్కులో గళ్లు గీసుకుని రాసేవాడు. గ్యాస్ బండ మార్చిన తేదీ, పాలవాడి లెక్క, అమ్మ బీపీ... అన్నీ అందులోనే.

2009లో ఆ జీపుని కండెమ్ చేసి వేలం వేశారు. నాన్న రిటైర్‌మెంట్ డబ్బుల్లోంచి తీసి పాడుకున్నాడు. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు మాట్లాడింది, అదే ఎక్కువ ఇబ్బంది అయిందంటాడు నాన్న. ఇప్పుడైతే ఆ అవకాశమే లేదు లెండి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకి రిజిస్ట్రేషన్ పొడిగించడం మానేశారు. అవి నేరుగా తుక్కు కిందికే పోతాయి.

ఇంతకీ ఈ జీపు వంశం చిన్నదేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 1941 నుంచి 1945 వరకు 6 లక్షలకు పైగా తయారుచేసిన బండి ఇది. 'జీపు' అన్న పేరు ఎలా వచ్చిందన్నది ఇప్పటికీ తేలని వాదన. యుద్ధం అయిపోయాక విల్లీస్ దగ్గర లైసెన్సు తీసుకుని మహీంద్రా వాళ్లు బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టారు. దశాబ్దాలపాటు మనూళ్లలో ఎమ్మార్వోగారొచ్చినా, ఎస్సైగారొచ్చినా, ఎన్నికల ప్రచారమొచ్చినా ముందుగా వినిపించింది ఈ బండి చప్పుడే. మా ఎంఎం 540లో ఉన్నది 2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను. అంటే పుట్టుక అమెరికా, గుండె ఫ్రాన్సు, పెంపకం మన దేశం. బండికి అంగుళాల స్పానర్లూ కావాలి, ఎంఎం స్పానర్లూ కావాలి. రెండు భాషలు మాట్లాడే కోడల్లాంటిది.

అన్నయ్య ప్లాను

2012లో అన్నయ్యకి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. చిన్నప్పట్నుంచి ఆ జీపులో వెనక సీటు మీద ఎదురుబొదురుగా కూర్చుని తిరిగినవాడు, దాన్ని ఊరంతా నోరెళ్లబెట్టి చూసేలా మార్చాలనుకున్నాడు. తెల్ల కాగితం మీద బొమ్మ గీసుకొచ్చాడు. కమాను కట్టలు మార్చి బండిని ఆరంగుళాలు పైకి లేపాలి. పెద్ద పెద్ద టైర్లు వెయ్యాలి. ముందు ఇనుప బంపరు, దానికి వించి. పైన ఇనుప గొట్టాల పంజరం. రంగు... సైన్యం ఆకుపచ్చ.

నాన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'టాప్ తార్పాలిన్ మార్చితే సరిపోద్ది కదరా' అన్నాడు.

అయినా వద్దనలేదు. ఇద్దరూ కలిసి బాడీ విప్పారు. సీట్లు, డ్యాష్‌బోర్డు, రేడియేటరు, బానెట్ బయటికొచ్చాయి. అన్నయ్య జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో నాలుగు పెద్ద టైర్లు కొని లారీలో పంపాడు. అవి వచ్చినరోజు వీధి పిల్లలంతా వాటి మీద ఎక్కి గెంతారు. ఇంకో మూడు నెలల్లో బండి రోడ్డెక్కుతుందని ప్రకటన కూడా అయిపోయింది.

ఈలోగా నా సంబంధం కుదిరింది.

టైర్లు ఏమయ్యాయి?

2013 మే నెలలో నా పెళ్లి. ఆ హడావుడిలో జీపు సంగతి ఎవరికీ గుర్తులేదు. పెళ్లికి నాలుగు రోజుల ముందు అన్నయ్య సెలవు పెట్టి వచ్చాడు. పెరట్లోకి వెళ్లి చూస్తే టైర్లు లేవు.

'అమ్మేశాను' అన్నాడు నాన్న.

'నా వస్తువు అమ్మేముందు నాకో మాట చెప్పాలి కదా!'

'బండి నాది' అన్నాడు నాన్న. అంతే. ఇంకో మాట చెప్పలేదు.

ఆ పెద్ద టైర్లు నాన్నకి మొదట్నుంచీ ఇష్టం లేదు కాబట్టే వదిలించుకున్నాడని అన్నయ్య అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. పెళ్లి పీటల దగ్గర బుట్టలో కూర్చోబెట్టడానికి మేనమామలొచ్చారు, అన్నయ్య అన్ని పనులూ చేశాడు, అప్పగింతలప్పుడు ఏడ్చాడు కూడా. కానీ మర్నాడు హైదరాబాదు వెళ్లినవాడు మళ్లీ ఆ షెడ్డులోకి అడుగుపెట్టలేదు. పండక్కి వస్తే ముందుగుమ్మంలోంచి వచ్చి ముందుగుమ్మంలోంచే వెళ్లిపోయేవాడు.

తండ్రీకొడుకుల మధ్య పెద్ద గొడవలుంటే పెద్దమనుషులు కూర్చుని తీరుస్తారు. ఇలాంటి చిన్నవాటికే తీర్పు దొరకదు. పైకి అంతా బాగానే ఉంటుంది. 'ఆరోగ్యం బాగుందా' అంటే 'బాగుంది' అంటారు. ఫోను అమ్మకిచ్చేస్తారు.

అలా పదకొండేళ్లు.

లాగ్‌బుక్‌లో దొరికింది

2024 సంక్రాంతికి పుట్టింటికి వెళ్లాను. నాన్నకి 74 నిండాయి. మోకాళ్లు అరిగాయి, మెట్లెక్కడం కష్టంగా ఉంది. 'ఆ డొక్కుని పాత ఇనుము కింద ఇచ్చేద్దాం, ఆ చోట్లో ఒక గది కిందకి వేసుకుంటే ఆయన మేడ ఎక్కక్కర్లేదు' అంది అమ్మ. తుక్కు కొనేవాడు వచ్చి చూసి కూడా వెళ్లాడట. నాన్న ఏమీ అనలేదు. అదే నాకు వింతగా అనిపించింది.

ఆర్‌సీ కాగితం కోసం నాన్న పెట్టె తీశాను. అందులో ఆ పొడుగాటి నోటుబుక్కులు ఏడో ఎనిమిదో ఉన్నాయి. మా వృత్తిలో ఒక చెడ్డ అలవాటు ఉంది... రాసినదేదైనా కనబడితే చదివేస్తాం. 2013 పుస్తకం తిరగేస్తుంటే ఈ లైను తగిలింది.

'15-5-2013. పెద్ద టైర్లు 4 అమ్మినది. రూ.26,000. వంటవాళ్లకు 18,000. షామియానాకు 8,000. పెద్దోడికి చెప్పాలి.'

నా పెళ్లి భోజనాల గురించి మా అత్తగారి తరఫువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు పనసపొట్టు కూర అంత బాగా కుదిరిందట. ఆ కూర వెనక అన్నయ్య టైర్లున్నాయని నాకు అప్పుడే తెలిసింది. ఇంటినిండా చుట్టాలు, పక్కగదిలో పెళ్లికూతురు... డబ్బు తక్కువైందన్న మాట నా చెవిన పడకూడదని ఆయన నోరు మూసుకున్నాడు. 'చెప్పాలి' అనుకున్న మాట ఆ గళ్ల కాగితం మీదే ఉండిపోయింది.

ఇంకా కొన్ని పేజీలు తిప్పాను. 2013 దసరా... 'జీపు ఇంజను చేత్తో తిప్పినది. ఆయిల్ పోసినది.' 2014 దసరా... 'నట్లు, బోల్టులు గ్రీజు పూసి డబ్బాలో పెట్టినది.' ఇలా ప్రతి దసరాకీ ఒక లైను. 2020 దాకా ఉన్నాయి. ఆ తర్వాత లేవు. మోకాళ్లు మొరాయించింది ఆ ఏడాది నుంచే.

సాయంత్రం మేడ మీదికెళ్లి అన్నయ్యకి ఫోన్ చేశాను. ఏమీ కలపకుండా ఆ లైన్లు చదివి వినిపించాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఆఖరికి 'తుక్కువాడిని ఆగమను' అన్నాడు.

తర్వాతి శనివారం తెల్లారుజామున గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి, తునిలో బస్సు పట్టుకుని వచ్చేశాడు. క్షమాపణలూ కన్నీళ్లూ ఉంటాయని నేనూ అమ్మా వంటింటి కిటికీలోంచి చూస్తున్నాం. అన్నయ్య పెరట్లోకి వెళ్లాడు. తార్పాలిన్ తీశాడు. నాన్న కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. పది నిమిషాలయ్యాక అన్నయ్య వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

'నాన్నా, అరంగుళం స్పానరు ఏదీ?'

'ఎడంపక్క డబ్బాలో ఉంది చూడు.'

అంతే. రాజీ అయిపోయింది. అమ్మ కళ్లు తుడుచుకుంటూ ఉల్లిపాయలు తరిగేసింది.

ముందు ఆగడం నేర్పాలి

ఊళ్లో పాత జీపులు తెలిసిన మేస్త్రిగారు ఒకాయన ఉన్నారు. ఆయన వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, 'బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టేద్దామని ఎవరైనా అంటే వాళ్లని గేటు బయట నిలబెట్టండి' అన్నారు. ఏళ్లతరబడి ఆగిన ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండరు గోడకి పట్టేస్తాయి. బలవంతంగా తిప్పితే రింగు విరగొచ్చు, గోడ గీరుకుపోవచ్చు. అందుకే ముందు నాజిళ్లు విప్పి, ఆ కన్నాల్లోంచి కాస్త డీజిలూ ఆయిలూ కలిపి పోశారు. నాలుగు రోజులు అలా వదిలేశారు. ఐదోరోజు పొడుగాటి స్పానరుతో చేత్తో మెల్లగా తిప్పారు. మొదట కదల్లేదు. కాసేపటికి బెత్తెడు కదిలింది. తర్వాత చుట్టంతా తిరిగింది.

'నాలుగేళ్లేగా నిద్రపోయింది, పదకొండేళ్లు కాదు' అన్నారు మేస్త్రిగారు. 2020 దాకా ఏటా ఒకసారి నాన్న చేత్తో తిప్పబట్టే ఇంజను బతికిందని ఆయన లెక్క. అన్నయ్య ఏమీ మాట్లాడలేదు. నాన్న వైపు చూశాడు. నాన్న కరివేపాకు చెట్టు వైపు చూశాడు.

అప్పట్నుంచి నెలకి రెండు శనాదివారాలు అన్నయ్యవి, మిగతావి నావి. నేను విశాఖ నుంచి వెళ్లేదాన్ని. అన్నయ్య 2012లో చేసిన తప్పు మళ్లీ చేయలేదు. అప్పుడు అన్నీ ఒకేసారి విప్పేశాడు. ఈసారి ఒక పని పూర్తయితేనే ఇంకోటి. గోడకి ఒక క్యాలెండరు తగిలించి, దాని వెనక పనుల జాబితా రాశాం. ఒక్కొక్క పనీ కొట్టేసే బాధ్యత తొమ్మిదేళ్ల మా పాపది. ఎర్ర స్కెచ్ పెన్ను దాని చేతిలో ఉండేసరికి ఎవరికీ బద్ధకించే వీల్లేకపోయింది.

జాబితాలో మొదటిది ఇంజను అనుకుంటున్నారా? కాదు, బ్రేకులు. 'ఆగడం రాని బండికి నడవడం నేర్పకూడదు' అన్నది మేస్త్రిగారి సూత్రం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఏళ్లు గడిస్తే ఆ తేమే లోపల తుప్పు పట్టిస్తుంది. నాలుగు చక్రాల దగ్గరా సిలిండర్లు పట్టేసి ఉన్నాయి. రబ్బరు గొట్టాలు ముట్టుకుంటే పగిలిపోయాయి. అన్నీ మార్చాల్సిందే.

తర్వాత డీజిల్ ట్యాంకు. లోపల పాత డీజిలు జిగురుగా మారి, అడుగున తుప్పు పొరలు పేరుకున్నాయి. ట్యాంకు దించి కడిగి, పైపులూ ఫిల్టర్లూ మార్చి, పంపునీ నాజిళ్లనీ విశాఖలో టెస్టింగ్ బెంచీ మీద పెట్టించుకొచ్చాం. వైరింగంటారా... దాన్ని ఎలుకలు ఎప్పుడో భోంచేశాయి. అన్నయ్య మొత్తం కొత్తగా లాగాడు. ప్రతి తీగకీ ఒక చిన్న చీటీ కట్టాడు. ఆ చీటీల మీద రాత నాన్నది.

ఇక బోల్టుల డబ్బాలు. 2012లో విప్పినవన్నీ పోయుంటాయని అన్నయ్య భయం. షెడ్డు మూల చెక్కపెట్టెలో పాత బిస్కెట్ డబ్బాలు పదకొండు దొరికాయి. ఒక్కోదాని మీద తెల్ల కాగితం... 'ఎడమ తలుపు', 'రేడియేటరు', 'సీటు కింద'. లోపల బోల్టులు గ్రీజులో నిగనిగలాడుతున్నాయి. ఒక్కటి తగ్గలేదు.

మార్పులంటే ఎన్ని?

ఒక ఆదివారం భోజనాలయ్యాక అన్నయ్య తన పాత బొమ్మ కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. 'ఇప్పుడు ఇవన్నీ కుదరవు' అన్నాడు తనే.

నిజంగానే కుదరవు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు, కంపెనీ ఇచ్చిన స్వరూపం మారిపోయేలా బండిని సొంతంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5 వేల రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. ముందు బిగించే ఇనుప గార్డుల మీద 2017 డిసెంబరులోనే కేంద్రం ఆంక్ష పెట్టింది. ఎదుటివాడికి తగిలితే ప్రాణం తీస్తాయి, బండిలోవాళ్లకీ మంచిది కాదు.

చట్టం సంగతి అలా ఉంచండి. నాన్న చెప్పిన కారణం ఇంకా బాగుంది. 'బండిని పైకి లేపితే చూడ్డానికి బావుంటది. బరువు కూడా పైకి పోద్ది. లంబసింగి మలుపులో తిరగబడితే చూడ్డానికి ఎవరుంటారు?' పెద్ద టైరు వేస్తే పాత ఇంజను మీద భారం, పాత బ్రేకుల మీద భారం. ఈ మాట 2012లోనే చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. 'కొత్తగా జీతం తీసుకుంటున్నవాడు, ఆశపడి కొన్నాడు. ఏటి చెప్తాం' అన్నాడు.

అన్నయ్య కాగితం వెనక్కి తిప్పి కొత్త బొమ్మ గీశాడు. ఈసారి బొమ్మలో పెద్ద టైర్లు లేవు. డ్రైవరు పక్కన నేలకి అడుగు ఎత్తులో ఒక ఇనుప మెట్టు ఉంది. ఎక్కేటప్పుడు పట్టుకోడానికి ఒక గొట్టం ఉంది. మోకాలు మరీ మడవకుండా కూర్చునేలా కొంచెం ఎత్తు దిండున్న సీటు. అందరికీ సీటు బెల్టులు. పైన కొత్త తార్పాలిన్ టాపు. ఆ కాగితం పట్టుకుని ముందుగా రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి, ఇవి పెట్టొచ్చా అని అడిగి వచ్చాకే వెల్డింగు చేయించాడు.

టైర్లు మాత్రం నేను కొన్నాను. కంపెనీ సైజు, 6.00-16. నాలుగూ, ఒక స్టెప్నీ. అన్నయ్య వద్దన్నాడు. 'పనసపొట్టు కూర బాకీ' అన్నాను. ఇంకేం మాట్లాడలేదు.

మీ పెరట్లోనూ ఉందా?

ఇది చదువుతూ మీరు పెరటివైపు చూస్తున్నట్టయితే, మేం నేర్చుకున్న నాలుగు సంగతులు...

- బండి నడవకపోయినా ఆర్‌సీ గడువు నడుస్తూనే ఉంటుంది. సొంత వాహనానికి మొదటి 15 ఏళ్ల తర్వాత ప్రతి ఐదేళ్లకీ ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. కార్లు, జీపులకి ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో రూ.600 నుంచి 5 వేలకి పెరిగింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10 వేలు చేశారు. ఆలస్యమైన నెలలకి అదనపు రుసుము వేరే. మాకు అన్నిటికన్నా మంట పుట్టించిన బిల్లు ఇదే. పనికి దిగేముందే ఈ లెక్క తెలుసుకోండి.

- '15 ఏళ్లు దాటితే తుక్కే' అన్నది సొంత బళ్లకి మన దగ్గర వర్తించదు. ఫిట్‌నెస్ పాసైతే నడపొచ్చు. 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని బళ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ అని 2021లో వేరే పద్ధతే వచ్చింది.

- టైరు అరిగిందా లేదా అని చూసి మోసపోవద్దు. దాని పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి. 2311 అని ఉంటే 2011లో 23వ వారం తయారైందన్నమాట. బొత్తిగా అరక్కపోయినా ముసలిదే.

- బండి కింద దూరేటప్పుడు ఒట్టి జాకీనీ, ఇటుకలనీ నమ్మొద్దు. గట్టి స్టాండ్లు పెట్టుకోండి. ఒక్కరే ఉన్నప్పుడు అసలు దూరొద్దు.

- అన్నిటికన్నా ముఖ్యం... విప్పిన ప్రతి ముక్కకీ చీటీ. 'గుర్తుంటుందిలే' అనుకున్నది ఏదీ గుర్తుండదు.

నాలుగన్నాను కానీ ఐదయ్యాయి. లాగ్‌బుక్ కుటుంబం కదా, అలవాటు.

ప్రయాణం ఉద్దేశం

2024 దసరా రోజున మొదటిసారి సెల్ఫ్ కొట్టారు. అంతకుముందు పైపుల్లో గాలి పోయేదాకా చేత్తో పంపు కొట్టి కొట్టి అన్నయ్య బొటనవేలు వాచిపోయింది. మొదటిసారి అలికిడి లేదు. రెండోసారి దగ్గింది. మూడోసారి పెరడంతా తెల్ల పొగ కమ్మేసి, ఆ పొగలోంచి టకటకా అన్న చప్పుడు మొదలైంది. ఆరేసిన బట్టలన్నీ డీజిలు వాసన పట్టాయి. అమ్మ తిడుతూనే నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. 'డొక్కు' అనడం ఆ రోజు నుంచి మానేసింది. ఇప్పుడు 'బండి' అంటోంది.

ఫిట్‌నెస్‌లో మొదటిసారి తప్పింది. ఒక హెడ్‌లైటు ఆకాశం వైపు చూస్తోంది, హ్యాండ్ బ్రేకు పట్టడంలేదు. అవి సరిచేసుకుని వెళితే రెండోసారి పాసైంది. పదో తరగతి పరీక్షల్లో కూడా నేనంత కంగారుపడలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం తెల్లారగట్ల లంబసింగి బయల్దేరాం. నాన్న మెట్టు మీద కాలుపెట్టి, గొట్టం పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ఎక్కాడు. స్టీరింగ్ ముందు కూర్చోబోతే అన్నయ్య ఆపుతాడేమో అనుకున్నాను. ఆపలేదు. ఊరు దాటేదాకా నాన్నే నడిపాడు. ఘాటు మొదలయ్యే చోట తనే పక్కకి ఆపి, 'మోకాలు లాగుతోంది. నువ్వు కూర్చో' అని దిగాడు. పద్దెనిమిదేళ్లు ఇంకెవరి చెయ్యీ పడనివ్వని స్టీరింగ్ అది. అన్నయ్య నడుపుతుంటే పక్కన కూర్చుని, 'ఇక్కడ రెండో గేరు', 'ఇక్కడ హారను కొట్టు' అంటూ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. అన్నయ్య ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పైన మంచు. తార్పాలిన్ సందుల్లోంచి చలి. వెనక సీట్లో నేనూ అమ్మా పాపా ఒకే దుప్పటి.

ఇంటికొచ్చాక నాన్న నోటుబుక్కు తీశాడు. పదకొండేళ్ల తర్వాత మళ్లీ జీపు పేరున ఒక కొత్త పేజీ. తేదీ, టైము, మీటరు రీడింగు, డీజిలు రాశాడు. డ్రైవరు పేరు దగ్గర తన పేరు రాసి, పక్కనే అన్నయ్య పేరు కూడా రాశాడు. 'ప్రయాణం ఉద్దేశం' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అక్కడ 'ఆఫీసు పని' తప్ప ఇంకోటి రాసి ఎరగడు.

కాసేపు ఆలోచించి రాసి, పుస్తకం అన్నయ్యకిచ్చాడు... సంతకం పెట్టమని.

ఆ గడిలో ఉన్నది రెండే మాటలు. 'ఊరికే. అందరం.'